చెక్క ముక్కల చిక్కును కంప్యూటర్‌లో కదిలించడం: సోమా క్యూబ్‌తో బ్లెండర్ ఫిజిక్స్ పాఠం

(నల్లగొండలో పాలిటెక్నిక్, డిగ్రీ విద్యార్థుల ముందు చేసిన ప్రసంగానికి అక్షర రూపం)

అందరికీ నమస్కారం. ముందు వరుసల్లో కంప్యూటర్ చదివే పిల్లలున్నారు, వెనక వడ్రంగి పని నేర్పే మాస్టార్లు కూర్చున్నారు. మాస్టార్లు రావడం చాలా మంచిదైంది. ఇవాళ బ్లెండర్ అనే త్రీడీ యానిమేషన్ సాఫ్ట్‌వేర్‌లో ఒక చెక్క చిక్కును పేర్చి, కూల్చి చూద్దాం. ఈ పాఠంలో సగం వాళ్లకు తెలిసిన విద్యే. ముక్కకు ముక్క ఎట్లా కుదురుతుంది, సందు ఎంత వదలాలి, బరువు ఎటు మొగ్గుతుంది అనే లెక్కలు టేకు చెక్కకైనా, తెర మీది చెక్కకైనా ఒకటే.

బల్ల మీద ఉన్న ఈ బొమ్మను సోమా క్యూబ్ అంటారు. డెన్మార్క్‌కు చెందిన పీట్ హైన్ తయారుచేసిన చిక్కు. మొత్తం ఏడు ముక్కలు. ఒకటి మూడు గళ్లది, మూల తిరిగి ఉంటుంది, దాని పేరు వి. మిగిలిన ఆరూ నాలుగేసి గళ్లవి. ఎల్, టి, జెడ్ అనే మూడూ బల్ల మీద చదునుగా పడుకుంటాయి. ఇంకో మూడు పైకి లేస్తాయి. వాటిలో ఎ, బి అనేవి ఒకటి రెండోదానికి అద్దంలో బింబం, పి అనేది ఒకే మూల నుంచి మూడు దిక్కులకు మూడు గళ్లు పొడుచుకొచ్చిన ముక్క. ఆరు నాల్ల ఇరవై నాలుగు, మూడు కలిపితే ఇరవై ఏడు. మూడు గళ్ల పొడవు, మూడు వెడల్పు, మూడు ఎత్తు ఉన్న ఘనం సరిగ్గా నిండిపోతుంది. తిప్పి చూసినా, అద్దంలో చూసినా ఒకటే అయ్యే అమరికలను ఒక్కటిగా లెక్కేస్తే 240 విధాలుగా పేర్చవచ్చు. 1961లో జాన్ కాన్వే, మైక్ గై అనే గణితజ్ఞులు ఈ లెక్కను చేత్తోనే తేల్చారు.

దీన్నే ఎందుకు తీసుకున్నామంటే, ఏడింటిలో తిన్నని కర్ర ఒక్కటీ లేదు. ప్రతి ముక్కకూ కనీసం ఒక లోమూల, అంటే లోపలికి తిరిగిన మూల, ఉంది. ఫిజిక్స్ సాఫ్ట్‌వేర్ తడబడేది సరిగ్గా ఆ లోమూల దగ్గరే. అక్కడ పట్టు దొరికితే మిగతా బొమ్మలన్నీ మీకు సులువైపోతాయి.

పని మొదలుపెట్టే ముందే ఒక మాట గట్టిగా మనసులో పెట్టుకోండి. ఫిజిక్స్ ఇంజిన్‌కు, అంటే వస్తువుల కదలికను లెక్కగట్టే భాగానికి, పడడం తెలుసు, తగలడం తెలుసు, జారడం తెలుసు. కుదుర్చుకోవడం మాత్రం తెలియదు. ఏడు ముక్కలను గాల్లోకి ఎగరేసి ఎంతసేపు ఎదురుచూసినా అవి ఘనంగా కూర్చోవు. కాబట్టి పేర్చే పని మనం కీ ఫ్రేములతో, అంటే ఏ ఫ్రేములో ముక్క ఎక్కడుండాలో మనమే చెబుతూ, చేయాలి; కూలే పని ఇంజిన్‌కు వదలాలి. ఏ ఫ్రేములో మన చేతిలోంచి దాని చేతికి ఇస్తున్నామో అక్కడే పనితనమంతా ఉంది. దాని దగ్గరికి తర్వాత వస్తాను, ముందు కొలతలు.

నిజం బొమ్మలో ఒక్కో గడి 2 సెంటీమీటర్లు. బ్లెండర్‌లో కూడా 2 సెంటీమీటర్లకే గీస్తే బొమ్మ వణుకుతుంది, ఎగిరిపోతుంది. ఎందుకంటే లోపల లెక్కలు చేసే బుల్లెట్ ఇంజిన్ ప్రతి వస్తువుకూ కొలిజన్ మార్జిన్ అని ఒక అంచు పెట్టుకుంటుంది. మీరేమీ మార్చకపోతే అది 0.04 మీటర్లు, అంటే 4 సెంటీమీటర్లు. గడి రెండు, దాని అంచు నాలుగు! గింజ కంటే పొట్టు పెద్దదైనట్లు. అందుకని బొమ్మను పదింతలు చేసి గీయండి. గడి 0.2 మీటర్లు, మొత్తం ఘనం 0.6 మీటర్లు. మార్జిన్ పక్కనున్న టిక్ పెట్టి విలువను 0.005కు దించండి.

పదింతలు పెంచగానే ఇంకో తప్పు లోపలికి వస్తుంది. చాలామంది దీన్ని గుర్తించరు, కానీ చూసేవాళ్ల కన్ను మాత్రం వెంటనే పట్టేస్తుంది. నిజం ముక్క 20 సెంటీమీటర్ల ఎత్తు నుంచి జారిపడితే నేలకు చేరడానికి 0.2 సెకన్లు పడుతుంది. సెకనుకు 30 ఫ్రేముల వీడియోలో అది ఆరు ఫ్రేములు. పదింతల బొమ్మలో అదే ఎత్తు 2 మీటర్లయింది కదా, 2 మీటర్లు పడడానికి 0.64 సెకన్లు, అంటే 19 ఫ్రేములు. చేతిలో పట్టే బొమ్మ కాస్తా కొండ మీది బండరాయి దొర్లినట్లు నిదానంగా పడుతుంది. రంగులు, వెలుతురు ఎంత మంచిగా పెట్టినా అది చిన్న బొమ్మ అనిపించదు. దీనికి మందు ఏమిటంటే, సీన్ ప్రాపర్టీస్‌లో గ్రావిటీ జెడ్ విలువ −9.81 ఉంటుంది, దాన్ని −98.1 చేయండి. పొడవు పదింతలు, ఆకర్షణ పదింతలు, కాలం యథాతథం. రిజిడ్ బాడీ వరల్డ్‌లో, అంటే వంగని గట్టి వస్తువుల ఫిజిక్స్ సెట్టింగుల్లో, స్పీడ్ అనే డబ్బాలో 3.16 వేసినా పడే కాలం ఇంతే వస్తుంది, అది పదికి వర్గమూలం. ఏదో ఒకటే చేయండి. రెండూ కలిపి చేస్తే ముక్కలు నేలకు ఈడ్చి కొట్టినట్లు పడతాయి.

బ్లెండర్ మామూలుగా సెకనుకు 24 ఫ్రేములతో తెరుచుకుంటుంది. మనం 30కి మార్చుకుందాం. ఫోన్‌తో తీసిన వీడియో పక్కన పెట్టి పోల్చుకోవడానికి వీలుంటుంది.

ఇగ లోమూల సంగతి. ఎల్ ముక్కను ఎంచుకుని, ఫిజిక్స్ ట్యాబ్‌లో రిజిడ్ బాడీ నొక్కితే టైప్ యాక్టివ్ (ఇంజిన్ కదిలించేది) అని, షేప్ కాన్వెక్స్ హల్ అని వస్తుంది. కాన్వెక్స్ హల్ అంటే ముక్క చుట్టూ బిగుతుగా గుడ్డ చుట్టారనుకోండి. గుడ్డ లోమూలలోకి పోదు, ఈ కొస నుంచి ఆ కొసకు అడ్డంగా సాగిపోతుంది. కంటికి ఎల్ కనిపిస్తుంది గానీ ఇంజిన్‌కు కనిపించేది లోమూల పూడిపోయిన ముద్ద. పేర్చిన ఘనంలో ఆ లోమూలలో వేరే ముక్క కూర్చుని ఉంటుంది. రెండు వస్తువులు ఒకే చోట ఉన్నాయని ఇంజిన్ అనుకుంటుంది, విడదీయడానికి బలంగా తోస్తుంది. ప్లే నొక్కగానే రెండో ఫ్రేముకే ఘనం పేలిపోయి ముక్కలు నలుదిక్కులా పోతాయి. కొత్తగా నేర్చుకునే ప్రతివాళ్లూ చూసే దృశ్యం ఇదే. బొమ్మ పాడైందని మళ్లీ మొదటి నుంచి గీయనక్కర్లేదు, తప్పు బొమ్మలో లేదు, షేప్‌లో ఉంది.

షేప్‌ను మెష్‌కు, అంటే ముక్క అసలు ఆకారానికే, మార్చితే లోమూల ఖాళీగానే ఉంటుంది, నిజమే. కానీ కదిలే వస్తువుకు మెష్ పెడితే లెక్క బరువెక్కుతుంది, ముక్కలు ఒకదాన్నొకటి పట్టుకుని వణుకుతాయి, మార్జిన్ బయటికి వచ్చి ముక్కల మధ్య సందు కనిపిస్తుంది. మెష్‌ను కదలని నేలకో, గిన్నెకో ఉంచండి. మన పనికి సరైనది కాంపౌండ్ పేరెంట్. కనిపించే ముక్కకు ఆ షేప్ ఇవ్వాలి. దాని లోపల రెండు మూడు పెట్టెలు పెట్టి, ఒక్కో పెట్టెకు రిజిడ్ బాడీ ఇచ్చి షేప్ బాక్స్ అని పెట్టి, కంట్రోల్-పి తో ముక్కకు పిల్లలుగా కట్టేయాలి. అప్పుడు ఇంజిన్ ఆ పెట్టెలన్నిటినీ కలిపి ఒకే వస్తువుగా చూస్తుంది. బరువు, ఫ్రిక్షన్ (రాపిడి) పేరెంట్‌కే, అంటే కనిపించే ముక్కకే, రాయాలి.

గడికో పెట్టె పెట్టకండి. పెట్టెకూ పెట్టెకూ మధ్య అతుకు దగ్గర పక్క ముక్క మూల తట్టుకుని ఆగుతుంది. ఎన్ని తక్కువ పెట్టెలైతే అంత నున్నగా జారుతుంది. ఎల్ ముక్కకు మూడు గళ్ల పొడుగు పెట్టె ఒకటి, ఒంటి గడి ఒకటి. టికి కూడా అంతే. జెడ్, ఎ, బి లకు రెండేసి గళ్ల పెట్టెలు రెండు. వికి రెండు. పి ఒక్కదానికే మూడు కావాలి. మొత్తం ఏడు ముక్కలకు 15 పెట్టెలు. ఎనిమిది జీబీ మెమొరీ ఉన్న లాప్‌టాప్‌కు ఇది బరువే కాదు.

ఇక్కడ వడ్రంగి మాస్టార్ల మాట వినాలి. దర్వాజకు తలుపు బిగించేటప్పుడు వాళ్లు సరిగ్గా కొలతకు కోస్తారా? కోయరు. వానకాలంలో చెక్క ఉబ్బి పట్టేస్తుందని చుట్టూ సందు వదులుతారు. తెర మీద చెక్క ఉబ్బదు గానీ సందు మాత్రం కావాలి. గడి 0.2 అయితే ముక్క బయటి ముఖాలన్నిటినీ 0.001 చొప్పున లోపలికి తీయండి. రెండు ముక్కల మధ్య 2 మిల్లీమీటర్లు మిగులుతుంది, నిజం బొమ్మ లెక్కలో మిల్లీమీటరులో ఐదో వంతు. కెమెరాకు అది సన్నని గీతలా కనిపిస్తుంది, నిజం చెక్క బొమ్మలోనూ అట్లాంటి గీతే ఉంటుంది. లోపలి పెట్టెలకు కూడా ఇదే కొలత.

తర్వాత చిన్న పనులు, కానీ మరిచిపోతే గంటలు పోతాయి. సైజు మార్చిన ప్రతి వస్తువుకూ కంట్రోల్-ఏ నొక్కి స్కేల్ అప్లై చేయండి. ముక్క లోపల గళ్ల మధ్య మిగిలిపోయిన ముఖాలను తీసేయండి. పిల్ల పెట్టెలను కట్టకముందే ఆరిజిన్ అనే నారింజ రంగు చుక్కను సెంటర్ ఆఫ్ మాస్, వాల్యూమ్ అనే ఆప్షన్‌తో సరిచేయండి. ఇంజిన్ బరువు మధ్యబిందువు అని నమ్మేది ఆ నారింజ రంగు చుక్కనే. సరిగ్గా వచ్చిందో లేదో ఎల్ ముక్కలో చేత్తో చూసుకోవచ్చు. మూల గడి మధ్య నుంచి పొడుగు వైపు 0.15 మీటర్లు, పొట్టి వైపు 0.05 మీటర్ల దగ్గర చుక్క ఉండాలి. నాలుగు గళ్ల సగటు తీస్తే పొడుగున గడిలో ముప్పావు, అడ్డంగా పావు వస్తుంది, అదే ఈ లెక్క. చుక్క మూల గడి మధ్యలోనే ఉండిపోతే ఏమవుతుందో తెలుసా? పొడుగు కాలు బల్ల అంచు దాటి గాల్లో ఉన్నా ముక్క పడకుండా నిలబడుతుంది. చూసేవాళ్లు ఎందుకో చెప్పలేరు గానీ ఏదో తేడాగా ఉందని మొహం పెడతారు.

బరువు నాలుగు గళ్ల ముక్కలకు 4, మూడు గళ్లదానికి 3 అని రాయండి. పడే వేగాన్ని బరువు మార్చదు. ఒకదాన్నొకటి తగిలినప్పుడు ఎవరు ఎంత కదలాలనే దానికి మాత్రం ఈ నిష్పత్తి పనికొస్తుంది.

ఫ్రిక్షన్, బౌన్సీనెస్ (తగిలి ఎగిరే గుణం) దగ్గర ఒక మెలిక ఉంది. రెండు వస్తువులు తగిలినప్పుడు ఇంజిన్ వాటి విలువలను గుణిస్తుంది. రెండింటికీ 0.5 ఉంటే దొరికే రాపిడి 0.25, అంటే నూనె రాసిన చెక్క. అందుకని ముక్కలకు, నేలకు 0.7 వేయండి, గుణిస్తే 0.49 అవుతుంది. బౌన్సీనెస్ కూడా అంతే. ముక్కకు 0.4 ఇచ్చి, నేలకు మామూలుగా వచ్చే సున్నాను అట్లాగే వదిలేస్తే, ఎంత పెంచినా ముక్క ఎగరదు. సున్నాతో ఏది గుణించినా సున్నానే కదా. మన ఇళ్లలో షాబాద్ బండ మీద చెక్క ముక్క పడితే టక్‌మని చిన్నగా ఒకసారి లేచి కూర్చుంటుంది. నేలకు 0.5, ముక్కకు 0.4 ఇస్తే ఆ ఎగురు దగ్గరగా వస్తుంది.

నేలకు పలుచని ప్లేన్ వాడకండి. 0.2 మీటర్ల మందం ఉన్న పెట్టె పెట్టి టైప్ ప్యాసివ్ (కదలనిది), షేప్ బాక్స్ అనండి. కారణం లెక్కలోనే ఉంది. మన గ్రావిటీలో 2 మీటర్లు పడిన ముక్క సెకనుకు దాదాపు 19.8 మీటర్ల వేగంతో నేలను చేరుతుంది. ఒక్క ఫ్రేములో 66 సెంటీమీటర్లు. సబ్‌స్టెప్స్, అంటే ఒక్కో ఫ్రేములో ఇంజిన్ ఎన్నిసార్లు లెక్క చూస్తుందో ఆ సంఖ్య, మామూలుగా ఉండే 10 దగ్గరే ఉంటే, ఇంజిన్ ఒకసారి చూసి మళ్లీ చూసేలోపు ముక్క 6.6 సెంటీమీటర్లు దూకేసి ఉంటుంది, గడిలో మూడో వంతు. 30 చేస్తే 2.2 సెంటీమీటర్లకు తగ్గుతుంది. తగిలిన చోట్ల లెక్కను ఎన్నిసార్లు సరిచూసుకోవాలో చెప్పే సాల్వర్ ఐటరేషన్స్ కూడా 30 చేయండి.

ఇప్పుడు ఒక పరీక్ష. దీన్ని దాటేయకండి. ఏడు ముక్కలనూ ఘనంగా పేర్చి, గ్రావిటీని సున్నా చేసి, ఒకటో ఫ్రేము నుంచి యాభై ఫ్రేములు నడపండి. ఏదీ వెంట్రుకవాసి కదలకూడదు. ఏదైనా ముక్క మెల్లగా పక్కకు తేలుతూ పోతే, దాని పెట్టె పక్కదానిలోకి దూరి ఉందని అర్థం. ఏ రెండు ముక్కలు విడిపోతున్నాయో చూస్తే దొంగ దొరికిపోతాడు. అన్నీ నిలకడగా ఉన్నాక గ్రావిటీని మళ్లీ −98.1 చేయండి.

ఇక పేర్చడం. ఏ ముక్క తర్వాత ఏది వెళ్లాలో కాగితం మీద రాసుకోండి. చేత్తో నిజం బొమ్మను విప్పుతూ రాసి, ఆ జాబితాను కింది నుంచి పైకి చదివితే సరిపోతుంది. బర్‌టూల్స్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ ఉంది, ఆకారాలు గళ్లలో నింపి ఇస్తే పరిష్కారాలు వెతికి, ముక్కలు ఏ వరుసలో ఎటు జరగాలో కదిలించి చూపిస్తుంది.

ముక్కలకు యానిమేటెడ్ అనే టిక్ పెడితే అవి మన కీ ఫ్రేముల మాట వింటాయి. అయితే ఆ స్థితిలో ఒకదాన్నొకటి ఆపుకోవు, దారిలో ఉన్న ముక్కలోంచి ఇంకో ముక్క దయ్యంలా దూరిపోతుంది. దాన్ని కంటితో కాయాల్సింది మనమే. కదలిక మూడు భాగాలుగా ఉండాలి. గాల్లోనే తిప్పడం 20 ఫ్రేములు, గూటి ముందు ఆగడం 3 ఫ్రేములు, తిన్నగా లోపలికి జారడం 12 ఫ్రేములు. తిప్పుతూనే లోపలికి తోస్తే మూలలు పక్క ముక్కలను కోసుకుపోతాయి. ఆ మూడు ఫ్రేముల ఆగడం చిన్నదే, కానీ మనిషి చెయ్యి గూటిని వెతుక్కుని తోస్తున్నట్లు అనిపించేది దానివల్లే.

ఘనం నిండింది. ఇప్పుడు ఒక గోళీ వచ్చి తగిలి కూలాలి. ముక్కల యానిమేటెడ్ టిక్ మీద మౌస్ ఉంచి ఐ అక్షరం నొక్కితే కీ పడుతుంది. 300వ ఫ్రేములో టిక్‌తో ఒక కీ, 301లో టిక్ తీసి ఇంకో కీ. 301 నుంచి ముక్కలు ఇంజిన్‌వి. గోళీది కాస్త వేరు. దానికి కూడా యానిమేటెడ్ పెట్టి అట్లాగే వదిలేస్తే, బరువు ఎంత తక్కువ రాసినా ఇంజిన్ పట్టించుకోదు. ఘనాన్ని రోడ్డు రోలర్ తొక్కినట్లు తొక్కుకుంటూ పోతుంది, దాని వేగం పిసరంతైనా తగ్గదు. తగలడానికి రెండు ఫ్రేముల ముందు గోళీ టిక్ కూడా తీసేయాలి. అప్పుడు అది తగిలి, వేగం కోల్పోయి, వెనక్కి దొర్లుతుంది.

గోళీ కదలిక చివరి కీ దగ్గర మెల్లబడకుండా చూడండి. బ్లెండర్ మామూలుగా ఇచ్చే వంపు చివర్లో వేగాన్ని సున్నాకు తెస్తుంది. ఆ క్షణంలో వదిలితే గోళీ ఉన్నచోటే చతికిలబడుతుంది. గ్రాఫ్ ఎడిటర్‌లో కీలను లీనియర్ (ఒకే వేగం) చేసి, చివరి కీని వదిలే ఫ్రేము దాటి ఐదు ఫ్రేముల అవతల పెట్టండి. వదిలేటప్పుడు ఉన్న వేగమే ఇంజిన్‌కు వారసత్వంగా వెళ్తుంది.

ఒక విద్యార్థి అడుగుతున్నారు, కూలిపోయే వీడియోను వెనక్కి తిప్పితే పేర్చినట్లే ఉంటుంది కదా సార్ అని. ఉండదమ్మా. పడే ముక్క నేల దగ్గరికి వచ్చేకొద్దీ వేగం పెంచుకుంటుంది. వెనక్కి తిప్పితే కదలకుండా పడి ఉన్న ముక్క ఒక్కసారిగా ఎగిరి, పైకి పోయేకొద్దీ మెల్లబడుతుంది. ఏ చెయ్యీ వస్తువును అట్లా ఎత్తదు. కావాలంటే కూలిన తర్వాత ముక్కలు చెదిరి ఉన్న ఆఖరి స్థితిని తీసుకుని, అక్కడి నుంచి పేర్చడం చేత్తో కీ చేయండి. చెదరడంలో సహజత్వం ఇంజిన్ ఇస్తుంది, ఎత్తడంలో మనిషి వాటం మీరు ఇస్తారు.

ఇంకొకరి సందేహం, 250 ఫ్రేముల తర్వాత అంతా గడ్డకట్టిపోయిందని. టైమ్‌లైన్ పొడిగించారు, రిజిడ్ బాడీ వరల్డ్ కింద క్యాష్ (దాచిపెట్టిన లెక్క) ఎండ్‌ను 250 దగ్గరే వదిలేశారు. రెండు చోట్లా మార్చాలి. ఏ విలువ మార్చినా ఒకటో ఫ్రేముకు వెళ్లి మళ్లీ నడపడం అలవాటు చేసుకోండి, మధ్యలోంచి నడిపితే పాత లెక్కే చూపిస్తుంది.

అంతా నచ్చాక ఫైలును వేరే పేరుతో దాచి, ఏడు ముక్కలను, గోళీని ఎంచుకుని బేక్ టు కీఫ్రేమ్స్ చేయండి. దాంతో వాటి ఫిజిక్స్ పోయి మామూలు కదలికగా మిగులుతుంది. లోపలి పెట్టెలతో ఇక పనిలేదు, అప్పుడు వాటిని రెండరింగ్‌లో, అంటే తుది బొమ్మలు తీసేటప్పుడు, కనిపించకుండా దాచేయండి. అంతకుముందే దాచితే లెక్క తారుమారు కావచ్చు. కనిపించే ముక్కల అంచులను 0.008 మీటర్లు బెవెల్ చేస్తే, అంటే పదును పోయేలా చెక్కితే, వెలుతురు అంచు మీద గీతలా మెరుస్తుంది, చెక్క అనిపిస్తుంది.

నీడ గురించి ఒక మాట. మన పానగల్లు ఛాయా సోమేశ్వరాలయంలో నీడ పగలంతా లింగం మీదే ఉంటుంది, ఏ స్తంభానిదో చెప్పడం కష్టం. గుడిలో అది అద్భుతం. మన వీడియోలో మాత్రం ప్రతి నీడా దాని ముక్క కిందికే రావాలి. ముక్క నేలను తాకిన క్షణం కంటికి తెలిసేది నీడ వచ్చి ముక్కను అంటుకోవడంతోనే. అందుకని పక్క నుంచి ఒకటే బలమైన దీపం పెట్టి, రెండోదాన్ని బాగా తగ్గించండి.

రెండర్ చేసేటప్పుడు నేరుగా వీడియోగా కాకుండా పీఎన్‌జీ బొమ్మల వరుసగా తీయండి. ఎండకాలం మధ్యాహ్నం కరెంటు పోయి లాప్‌టాప్ ఆగితే వీడియో ఫైలు మొత్తం పోతుంది. బొమ్మలైతే 180 వరకూ వచ్చినవి ఉంటాయి, 181 నుంచి మళ్లీ మొదలుపెట్టవచ్చు.

రేపే ఏడు ముక్కలూ ఎత్తుకోకండి. మొదట ఒక్క ఎల్ ముక్క చేసి 2 మీటర్ల ఎత్తు నుంచి వదలండి. పక్కన నిజం ముక్కను స్కేలు పెట్టి 20 సెంటీమీటర్ల నుంచి వదిలి ఫోన్‌లో తీయండి. రెండింట్లోనూ నేలను తాకడానికి ఆరు ఫ్రేములు రావాలి. మీ తెర మీద 19 వస్తే గ్రావిటీ డబ్బా చూడండి. ముక్క పడిన తర్వాత పొట్టి కాలు పైకి ఉండి ఆగిందా, పక్కకు ఒరిగిందా కూడా రాసుకుని రండి. ఇక్కడ తెరిచి చూద్దాం.